కారు కారుతోంది

మూడు రోజులకొక లీటరు తాగుతోంది సూమో.
తాగింది ఎటు పోతోందో చెప్పదు.
రాత్రి ఇంజన్ కింద అట్టముక్క పరిచి పడుకున్నాను.
పొద్దున చూస్తే,
వలదారం పార్సిల్ మీది పాత అడ్రసు తప్ప
దానిమీద ఏ మరకా లేదు.

పుదుప్పేటలో చెప్పాను: "కారు కారుతోంది."
ఆదికేశవులు నవ్వలేదు.
నలభై ఏళ్లుగా వింటున్నాడట,
తెలుగోడెవడొచ్చినా ముందు ఈ మాటే.

"ఏసీ నీళ్లు కాదు గదా?"
ఏసీ చచ్చి ఆరేళ్లు.
"పొగ తెల్లగా వస్తందా?"
లేదు, నల్లగానే, ఆరోగ్యంగా.
"లోపల కాళ్లకాడ తియ్యటి వాసన?"
కాశిమేడు హార్బరులో పదేళ్లుగా తిరుగుతున్న బండి,
అందులో తీపి ఎవడికి తెలుస్తుంది?

ఆయిల్ పుల్ల లాగాడు. గుడ్డకి తుడిచి
మళ్లీ ముంచి, ఎండలోకి ఎత్తి చూశాడు.
మజ్జిగలా ఉంటే హెడ్డు పోయినట్టే.
నలుపు. చిక్కటి, నమ్మకమైన నలుపు.
నా గుండెల మీంచి నలభై వేల రూపాయలు దిగాయి.

చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీసి
ఇంజన్ వెయ్యమన్నాడు.
బుడగల్లేవు.
ఆ నీళ్లలో వణికింది కన్నిక ముఖం మాత్రమే.
ఆయన మనవరాలు, పాలిటెక్నిక్ రెండో ఏడు,
జడ చొక్కా లోపలికి దోపుకుని వంగింది.

మూతకి బదులు చేతిపంపు బిగించి
పద్నాలుగు దాకా గాలి కొట్టింది.
ముల్లు నిలబడింది.
మేం టీ తాగాం.
ఎవరూ చూడనప్పుడు
పన్నెండుకి జారింది.

"నేల మీద పడట్లేదంటే
కారట్లేదని కాదు అంకుల్.
వేడి మీద కారుతోంది.
కిందకి చేరేలోపే ఆవిరి."

గాజుల కొట్లో ఇచ్చే గుండ్రటి అద్దం
ఇనపకడ్డీకి చుట్టి పెట్టుకుంది.
దాన్ని ఫ్యాను పక్కనుంచి, బెల్టు కిందనుంచి
పుల్లీ వెనక్కి పంపి
టార్చి వేసింది.
పంపు అతుకు వెంట ఉప్పు కట్టింది,
ఎండిన ఉప్పుమడి అంచులా,
తెల్లగా, కాస్త పచ్చగా.

"పంపు పొట్టకింద ఒక కన్నం ఉంటుంది.
కంపెనీవాడే పెడతాడు.
లోపల సీలు అరిగితే
నీళ్లు బేరింగులోకి పోకుండా
దాన్లోంచి బయటికొస్తాయి, మనకి చెప్పడానికి.
ఇంకే పనీ లేదు దానికి."

ఏదీ, చూపించు.

అద్దం తిప్పింది.
కన్నం ఉండాల్సిన చోట
బూడిదరంగు ముద్ద. ఎంసీల్.
మీద బొటనవేలి ముద్ర.

పోయినేడు ఆరంబాక్కం దాటాక,
తెల్లారేసరికి సూళ్లూరుపేటలో దించాల్సిన వలలు వెనక.
చినుకు చినుకుగా కారుతుంటే
రోడ్డుపక్కన బోర్లా పడుకుని
రెండు ముద్దలూ అరచేతిలో పిసికి
గట్టిగా నొక్కాను.
ఆగిపోయింది.
టీకొట్టు దగ్గర ఎంతమందికి చెప్పుకున్నానో,
పదిహేను రూపాయల్లో పని కానిచ్చానని.

పుల్లీ పట్టుకుని ఊపింది కన్నిక.
కటకట.
లోపల గ్రీజంతా కడుక్కుపోయింది, ఎప్పుడో.

"ఎవడో మహానుభావుడు," అన్నాడు ఆదికేశవులు,
తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి.
నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.
ఆ పిల్ల నా జేబుల వంక చూసింది.
చూసి, అద్దం తుడుచుకుని
పంపు రేటు కనుక్కోడానికి సందులోకి పోయింది.

కొత్త పంపు, కొత్త బెల్టు, రెండు క్లిప్పులు.
పాతది గోనెసంచిలో చుట్టి ఇచ్చారు.
ఇంటికొచ్చి స్క్రూడ్రైవరుతో గీకితే
ముద్ద ఊడొచ్చింది, ముద్రతో సహా.
ఆ కన్నం
అగ్గిపుల్ల కూడా పట్టనంత చిన్నది.

రాత్రి మళ్లీ అట్టముక్క పరిచాను.
పొద్దున పొడిగా ఉంది.
దాన్ని ఒళ్లో పెట్టుకుని
నమ్మాలా వద్దా అని
చాలాసేపు కూర్చున్నాను.